సామాను సర్దినంత తేలిక కాదు

బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే మన ఇళ్ళలో పనులన్నీ ఒక వరుసలో జరిగిపోతాయి. గ్యాస్ కనెక్షన్ అప్పగించడం, క్వార్టర్ ఖాళీ చేయడం, స్కూల్లో టి.సి. తీసుకోవడం, అట్టపెట్టెలకు ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేయడం, ఏ పెట్టెలో ఏముందో అమ్మ ఒక నోటుబుక్కులో రాసుకోవడం. గాజు సామాను పాత చీరల్లో చుట్టాలనీ, కొత్త ఇంట్లో మొదట విప్పాల్సిన పెట్టెను లారీలో చివర ఎక్కించాలనీ మన పిల్లలకు పదేళ్ళకే తెలుసు. సామాను సర్దడంలో ఇంత ఆరితేరిన మనం ఒక్క విషయం మాత్రం ఎవరి దగ్గరా నేర్చుకోం. వదిలి వచ్చిన స్నేహితుడి మీద బెంగ, కొత్త తరగతిలో అడుగుపెట్టేటప్పటి గుబులు, మనల్ని అడక్కుండానే అంతా జరిగిపోతోందన్న కోపం. వీటిని ఏ పెట్టెలో పెట్టాలి? దాని మీద ఏ అంకె వేయాలి?

చదువు సంగతి పెద్దలు ఎప్పుడో ఆలోచించారు. ఊరూరా తిరిగే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లల చదువు మధ్యలో తెగిపోకూడదన్న ఉద్దేశంతో, రెండవ కేంద్ర వేతన సంఘం సిఫారసు మేరకు 1962 నవంబరులో కేంద్రీయ విద్యాలయాల పథకం ఆమోదం పొందింది. 1963-64 విద్యా సంవత్సరంలో, సైనిక కుటుంబాలు ఎక్కువగా ఉన్న చోట్ల నడుస్తున్న 20 రెజిమెంటల్ పాఠశాలలతో అది మొదలైంది. ఆ ఏర్పాటు పుణ్యమా అని అస్సాంలో ఆగిన భిన్నాల పాఠం పుదుచ్చేరిలో దాదాపు అక్కడి నుంచే అందుకుంటుంది. పుస్తకం ఒకటే, పరీక్షల తీరు ఒకటే, యూనిఫాం కూడా ఒకటే. మనసుకు మాత్రం అలాంటి ఉమ్మడి సిలబస్ లేదు. అది ఎక్కడ ఆగిందో అక్కడే ఉండిపోతుంది. మనిషి కొత్త ఊరికి వచ్చినా మనసు రావడానికి కొన్ని వారాలు పడుతుంది, ఒక్కోసారి కొన్ని నెలలు.

ఆ మధ్య కాలాన్ని ఎలా గడపాలన్నదే ఈ వ్యాసం. బదిలీల మీద బతికే ఉపాధ్యాయులుగా మేము చాలా ఊళ్ళలో, చాలా తరగతి గదుల్లో చూసిన దాన్ని బట్టి మా అభిప్రాయం ఇది. భావాలను అదుపులో పెట్టుకోవడం అంటే వాటిని మింగేయడం అని మనం పిల్లలకు నేర్పుతున్నాం. అది సరికాదు. అదుపు మొదలయ్యేది నోరు మూసుకోవడంతో కాదు, కలిగిన భావానికి సరైన పేరు పెట్టడంతో.

చావడిలో మనం

ప్రస్తుతం మా మజిలీ పిళ్ళైచావడి. పుదుచ్చేరి పట్టణానికి ఉత్తరాన, చెన్నై వెళ్ళే ఈస్ట్ కోస్ట్ రోడ్డు పక్కన, సముద్రాన్ని ఆనుకుని ఉన్న మత్స్యకారుల ఊరు. ఈ ఊళ్ళోనే ఇంజనీరింగ్ కళాశాల ఉంది, ఇప్పుడది సాంకేతిక విశ్వవిద్యాలయం అయింది. పక్కనే కాలాపట్టులో 1985లో ఏర్పడిన పాండిచ్చేరి విశ్వవిద్యాలయం ఉంది. కాబట్టి దేశం నలుమూలల నుంచి ఉద్యోగుల కుటుంబాలు ఇక్కడికి వస్తూ పోతూ ఉంటాయి. ఊరి పేరులోని చావడి అనే మాట తమిళంలోనూ ఉంది, తెలుగులోనూ ఉంది. గోదావరి జిల్లాల పల్లెల్లో దాన్నే సావిడి అంటారు. బాటసారులు ఆగే చోటు, నలుగురూ కూర్చుని మాట్లాడుకునే చోటు. మనలాంటి వాళ్ళకు సరిపోయే పేరు!

పైగా పుదుచ్చేరి అనే కేంద్రపాలిత ప్రాంతమే నాలుగు ముక్కలు. పుదుచ్చేరి, కారైకాల్ తమిళ దేశంలో, మాహె కేరళ తీరంలో, యానాం గౌతమీ గోదావరి ఒడ్డున. ప్రభుత్వం ఒకటే, ప్రజల భాషలు మూడు. యానాంలో పుట్టి తెలుగే వింటూ పెరిగిన పిల్లవాడు, నాన్నకు బదిలీ అయిన మరుసటి వారమే దాదాపు 800 కిలోమీటర్ల దూరాన, తమిళం తప్ప మరో మాట వినపడని వీధిలో సైకిల్ తొక్కాల్సి వస్తుంది. రాష్ట్రం మారలేదు, ప్రభుత్వం మారలేదు, కానీ వాడికి లోకమే మారిపోయింది. వైమానిక దళంలోనో, రైల్వేలోనో, తపాలా శాఖలోనో, జిప్మర్ ఆసుపత్రిలోనో పనిచేసే వాళ్ళ పిల్లలు ఇంకా ఎక్కువ దూరాల నుంచే వస్తారు.

అలాంటి పిల్లల గురించి స్టాఫ్ రూముల్లోనూ, ఇళ్ళల్లోనూ మనం తరచుగా అనే మాట ఒకటుంది. ‘‘మావాడికి ఏ ఇబ్బందీ లేదండీ, ఎక్కడికి తీసుకెళ్ళినా ఇట్టే అడ్జస్ట్ అయిపోతాడు.’’ ఇది మెచ్చుకోలుగానే అంటాం. ఏడవని పిల్లవాడు, ఏమీ అడగని పిల్ల, మారు మాట్లాడని పిల్లలు మనకు మంచి పిల్లలు. కానీ కొంచెం దగ్గరికి వెళ్ళి చూస్తే అదే పిల్లవాడు సాయంత్రం ఇంటికి రాగానే చెల్లెలి రంగు పెన్సిళ్ళు విరగ్గొడతాడు. టిఫిన్ డబ్బా తెరవకుండానే తిరిగి తెస్తాడు. చిన్న మాటకు తలుపు ధడాలున వేస్తాడు. లేదంటే ఏ గొడవా లేకుండా రోజంతా ఫోన్లో పాత స్కూలు వాట్సాప్ గ్రూపు చూస్తూ కూర్చుంటాడు. బడిలో కనబడని కోపం ఇంట్లో కనబడుతోందంటే అది తగ్గిందని కాదు, చోటు మారిందని.

తీరం చెప్పే పాఠం

ఇది మనకు అర్థం కావడానికి పెద్ద పుస్తకాలు అక్కర్లేదు, మన ఊరి సముద్రం చాలు. 1980ల చివరలో పుదుచ్చేరి పట్టణానికి దక్షిణాన, అరియాంకుప్పం ఏరు సముద్రంలో కలిసే చోట ఓడరేవు కోసం నీళ్ళలోకి రాతికట్టలు కట్టారు. ఈ తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకుపోతుంటాయి. ఆ దారికి కట్టలు అడ్డుపడ్డాయి. కట్టకు దక్షిణ వైపు ఇసుక మేటవేసింది, ఉత్తర వైపున పట్టణం ముందున్న ఇసుక తిన్నెలు కరిగిపోయాయి. పట్టణాన్ని కాపాడుకోవడానికి ఒడ్డు పొడవునా బండరాళ్ళు పేర్చారు. రాళ్ళున్న చోట రోడ్డు నిలిచింది. కోత మాత్రం ఆగలేదు, ఉత్తరాన ఉన్న మత్స్యకారుల ఊళ్ళ మీదికి జరిగింది. పిళ్ళైచావడి కూడా ఆ బాధ పడుతున్న ఊరే. పడవలు లాగి పెట్టుకునే ఇసుక నేల తగ్గిపోతూంటే ఆ కుటుంబాలు పడే దిగులు మీలో చాలామంది కళ్ళారా చూస్తూనే ఉన్నారు.

మనసు విషయంలో మనం చేసేదీ ఇదే. బడి దగ్గర ఒక గోడ కడతాం. ‘‘ఏడవకు. మగపిల్లాడివి, సిగ్గులేదూ? పెద్దదానివి, సర్దుకో.’’ గోడ గట్టిదే కాబట్టి బడిలో అల కనబడదు. అది పక్క ఊరికి పోయి, అంటే చెల్లెలి మీదికో, అమ్మ మీదికో, తన ఒంటి మీదికో పోయి కోస్తుంది. వారానికోసారి కడుపునొప్పి అనే పిల్లలను, ఆదివారం సాయంత్రం తలనొప్పి వచ్చే పిల్లలను మేము చాలామందిని చూశాం. అది నటన అని కొట్టిపారేయకూడదు. మనసులో దారి దొరకనిది ఒంట్లో దారి వెతుక్కుంటుంది.

2018లో పుదుచ్చేరి బీచ్ ఎదుట ఇంకో పద్ధతి ప్రయత్నించారు. భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ శాస్త్రవేత్తలు ఉక్కుతో చేసిన పెద్ద దిబ్బలాంటి నిర్మాణాన్ని నీటి అడుగున దింపారు. అది పైకి గోడలా నిలబడదు. అలను రానిస్తూనే దాని జోరు తగ్గిస్తుంది. జోరు తగ్గిన నీళ్ళు మోసుకొచ్చిన ఇసుకను అక్కడ వదులుతాయి. ఏళ్ళ తర్వాత పట్టణం ముందు మళ్ళీ ఇసుక మీద పిల్లలు ఆడుకున్నారు. ఉత్తరాది ఊళ్ళ కష్టం దీనితో తీరిందని మేము అనడం లేదు. కానీ రెండు పద్ధతుల మధ్య తేడా గమనించండి. మొదటిది అలను అడ్డుకుంది, రెండోది అల రావడాన్ని ఒప్పుకుని దాని వేగాన్ని తగ్గించింది. మనకు కావలసింది ఆ రెండోది.

పేరు పెడితే సగం పని

మరి మనసులో వేగం తగ్గించేది ఏది? చాలా చిన్న విషయం. ఆ భావానికి పేరు పెట్టడం. ఇది మేము ఊహించి చెబుతున్నది కాదు. అమెరికాలో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో ఒక పరిశోధన ప్రచురించింది. కోపం, భయం కనిపించే ముఖాల ఫోటోలు చూపించి, మెదడులో ఏం జరుగుతుందో స్కానర్‌తో చూశారు. ఆ ముఖంలో ఉన్న భావానికి సరైన మాట ఎంచుకోమన్నప్పుడు, భయం, ప్రమాదం లాంటి వాటికి చప్పున స్పందించే అమిగ్డలా అనే భాగంలో అలజడి తగ్గింది. ఆలోచనకు, నిగ్రహానికి సంబంధించిన నుదుటి వెనుక భాగం చురుకైంది. ముఖం చూసి ఊరికే ఒక మనిషి పేరు ఎంచుకోమన్నప్పుడు ఆ మార్పు రాలేదు. అంటే భావానికి మాట దొరికితే చాలు, మెదడులో పగ్గాలు కొంచెం మన చేతికి వస్తాయి.

ఇక్కడే తెలుగు చెప్పే మాకు ఒక గర్వం ఉంది. ఏ పిల్లవాడిని ‘‘ఎలా ఉంది?’’ అని అడిగినా ‘‘బోరింగ్’’ అనో, ‘‘టెన్షన్’’ అనో, ‘‘మూడ్ ఆఫ్’’ అనో అంటాడు. ఈ మూడు మాటలతోనే సంవత్సరమంతా గడిపేస్తున్నాం. ఒక్కసారి అమ్మమ్మ మాటలు గుర్తు తెచ్చుకోండి. ఆవిడ దగ్గర ఎన్ని పేర్లున్నాయి!

బెంగ అంటే దూరంగా ఉన్న మనిషి కోసం, వదిలిన చోటు కోసం మనసు పీకడం. ‘‘పిల్లాడు బెంగ పెట్టుకున్నాడు, అందుకే జ్వరం’’ అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. గుబులు అంటే ఇంకా జరగని దాని గురించిన భయం. దిగులు అంటే లోపల మబ్బు పట్టినట్టుండడం. ఉక్రోషం అంటే ఓడిపోయినప్పుడో, అన్యాయంగా మాట పడినప్పుడో ఏమీ చేయలేక కళ్ళల్లో నీళ్ళతో వచ్చే కోపం. రోషం అంటే మన పరువుకు దెబ్బ తగిలినప్పుడు వచ్చేది. చిన్నబుచ్చుకోవడం అంటే మనల్ని లెక్కలో వేసుకోలేదని మనసు ముడుచుకోవడం. అలక అంటే మనవాళ్ళ మీద మాత్రమే వచ్చేది, వచ్చి బతిమాలతారన్న నమ్మకం ఉన్నచోటే వచ్చేది. తెలుగువాళ్ళు అలకకు పెళ్ళిలో ఏకంగా ఒక వేడుకే పెట్టారు, అలకపాన్పు అని. 16వ శతాబ్దంలో నంది తిమ్మన రాసిన పారిజాతాపహరణంలో కథ నడవడానికి సత్యభామ అలకే మూలం. అలిగిన మనిషిని మన సాహిత్యం తప్పుపట్టి పక్కన పెట్టలేదు, కావ్యంలో కూర్చోబెట్టింది.

ఈ పేర్లు ఎందుకంటే, ఒక్కోదానికి మందు వేరు. ‘‘మూడ్ ఆఫ్’’కు మందు లేదు, ఎందుకంటే జబ్బేమిటో తెలియదు. బెంగ అయితే మందు తెలుసు. ఆ మనిషికి ఫోన్ చేయాలి, ఉత్తరం రాయాలి, పాత ఊరి ఫోటో పుస్తకంలో అంటించుకోవాలి. గుబులు అయితే దానికి మందు సమాచారం. బడి తెరిచే ముందు రోజే వెళ్ళి తరగతి ఎక్కడుందో, నీళ్ళ కుళాయి ఎక్కడుందో, బస్సు ఎక్కడ ఆగుతుందో చూసి రావాలి. ఉక్రోషం అయితే ఆ చోటి నుంచి కాసేపు తప్పుకోవాలి, అప్పుడే మాట్లాడకూడదు. అలక అయితే దానికి ఒక గడువు పెట్టుకోవాలి, రాత్రి భోజనం వరకు అనుకోండి, ఆ తర్వాత నోరు విప్పి ఏం కావాలో చెప్పాలి. చిన్నబుచ్చుకున్నాం అనుకోండి, అవతలివాడు కావాలని చేశాడా, చూసుకోక చేశాడా అని ముందు కనుక్కోవాలి. మందు తెలియాలంటే ముందు పేరు తెలియాలి.

కోపం రాకముందు నిఘంటువు

మనలాంటి బడుల్లో ఇంకో చిక్కు ఉంది. తరగతిలో ఎన్ని రాష్ట్రాల వాళ్ళు ఉంటే అన్ని అర్థాలు. తగాదాల్లో చాలావాటికి కారణం కోపం కాదు, అనువాదం అని మా అనుభవం. ఒక ఉదాహరణ. తమిళ స్నేహితుడు రబ్బరు ఇవ్వబోతే తెలుగు పిల్లవాడు ‘‘అవసరం లేదు’’ అన్నాడనుకుందాం. తెలుగులో అవసరం అంటే కావలసిన పని. తమిళంలో అదే మాటకు తొందర అని అర్థం. ‘‘తొందరేం లేదు’’ అన్నాడని వాడు చాచిన చేయి చాచినట్టే నిలబడతాడు. ‘‘వద్దంటుంటే వినడేం?’’ అని వీడు విసుక్కుంటాడు. మలయాళంలో దేష్యం అంటే మామూలు కోపమే. మాహె నుంచి వచ్చిన అమ్మాయి నోట ఆ మాట విన్న తెలుగువాళ్ళకు ద్వేషం అని వినబడి గుండె గుభేలుమంటుంది. తమిళంలో ‘‘డా’’, తెలుగులో ‘‘రా’’ స్నేహితుల మధ్య ప్రేమ. కొత్తగా ఉత్తరాది నుంచి వచ్చిన పిల్లవాడికి ఆ గొంతు తిట్టులా తోచవచ్చు. మనం అమ్మను నువ్వు అంటాం, కొన్ని ఇళ్ళలో అమ్మను కూడా మీరు అనే అంటారు. నువ్వు అన్నంత మాత్రాన గౌరవం లేదని కాదు.

అందుకని మేము పిల్లలకు చెప్పే మొదటి నియమం ఒకటే. ముందు మాట, తర్వాత కోపం. ఎవరైనా మిమ్మల్ని ఏదో అన్నారనిపిస్తే, తిరిగి అనే ముందు ‘‘నువ్వు అన్నదానికి అర్థం ఏమిటి?’’ అని ఒక్క ప్రశ్న వేయండి. సగం తగాదాలు అక్కడే ఆగిపోతాయి. మిగిలిన సగానికి కూడా ఆ ప్రశ్న వేయడానికి పట్టిన సమయం పనికొస్తుంది.

ఆ సమయం ఎందుకు పనికొస్తుందో తెలుసుకోండి. కోపం వచ్చినప్పుడు ఒంట్లోకి అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి, ముఖం వేడెక్కుతుంది. పోరాడటానికో పారిపోవడానికో శరీరం సిద్ధమవుతుంది. పాము ఎదురైతే అది మంచిదే. రబ్బరు పోయినప్పుడు కాదు. ఆ ఊపు ఎల్లకాలం ఉండదు, మనం మళ్ళీ మళ్ళీ ఎగదోయకపోతే దానంతట అదే దిగుతుంది. నెమ్మదిగా ఊపిరి వదలడం, లోపలికి తీసుకున్న దానికంటే ఎక్కువసేపు వదలడం, గుండె వేగాన్ని తగ్గిస్తుంది. నీళ్ళు తాగి రావడం, కారిడార్ ఈ చివర నుంచి ఆ చివరకు నడవడం కూడా అందుకే. ఫోన్ విషయంలో ఇది మరీ ముఖ్యం. నోటితో అన్న మాట ఆ గదిలో ఉన్నవాళ్ళే వింటారు. కోపంలో గ్రూపులో పెట్టిన మెసేజ్ స్క్రీన్ షాట్ అయి ఊళ్ళు తిరుగుతుంది. రాయాలనిపిస్తే కాగితం మీద రాయండి. మరునాడు ఉదయం చదువుకుని, అప్పటికీ పంపాలనిపిస్తేనే పంపండి.

‘‘నాకు ఇప్పుడు ఉక్రోషంగా ఉంది. కాసేపు ఆగి మాట్లాడతాను.’’ ఈ రెండు వాక్యాలు చెప్పగలిగిన పిల్లలు మా దృష్టిలో ధైర్యవంతులు. పెద్దవాళ్ళలోనూ ఇలా చెప్పగలిగేవారు తక్కువ.

మరి క్రమశిక్షణ మాటేమిటి?

ఈ మాట అంటే కొందరు పెద్దలు ఒప్పుకోరు. ‘‘ఇలా ప్రతిదానికీ నీ మనసెలా ఉంది అని అడుగుతూ కూర్చుంటే పిల్లలు మెత్తబడిపోతారు. మా రోజుల్లో ఎవరు అడిగారు?’’ అంటారు. ఆ వాదనలో కొంత నిజం లేకపోలేదు. భావం పేరు చెప్పి ప్రవర్తనకు మాఫీ అడిగే అలవాటు రాకూడదు. ‘‘నాకు బెంగగా ఉంది కాబట్టి హోంవర్కు చేయలేదు’’ అన్నది చెల్లదు. ‘‘కోపం వచ్చింది కాబట్టి కొట్టాను’’ అన్నది అసలే చెల్లదు. కోపం రావడం తప్పు కాదు, చెల్లెలి పెన్సిళ్ళు విరగ్గొట్టడం తప్పు. విరగ్గొట్టినవాడు తన డబ్బుతో కొనివ్వాలి, క్షమించమని అడగాలి. వచ్చే భావం మీద మనకు అధికారం తక్కువ, చేసే పని మీద పూర్తి బాధ్యత ఉంది. ఈ రెండింటినీ విడదీసి చూడటమే అసలైన క్రమశిక్షణ. రెండింటినీ కలిపేసి ‘‘కోపమే రాకూడదు’’ అంటే, పిల్లలు కోపాన్ని మానరు, దాచడం నేర్చుకుంటారు. శతక పద్యాలు మనకు నోటికి వచ్చు. పద్యం అప్పజెప్పినంత మాత్రాన కోపం తగ్గదని కూడా మనకు తెలుసు.

తల్లిదండ్రులకు ఒక మాట

ఈ పత్రిక ఇంటికి వెళ్తుంది, అమ్మానాన్నలు కూడా చదువుతారు. అందుకే వారికీ ఒక మాట. నిగ్రహం గురించి ఎవరు మాట్లాడినా ఒక ప్రయోగం చెబుతారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960ల చివర నుంచి నర్సరీ పిల్లలతో చేసింది. మార్ష్‌మాలో లాంటి మిఠాయి ఒకటి ముందు పెట్టి, నేను తిరిగి వచ్చేదాకా తినకుండా ఆగితే రెండు ఇస్తానన్నారు. ఆగిన పిల్లలు తర్వాత జీవితంలో బాగా రాణించారని ప్రచారం జరిగింది. దాని తర్వాతి కథ మాత్రం తక్కువమందికి తెలుసు. 2018లో ఇంకా ఎక్కువమంది పిల్లల వివరాలతో పరిశీలిస్తే, కుటుంబ పరిస్థితులను కూడా లెక్కలోకి తీసుకున్నప్పుడు ఆ సంబంధం చాలా వరకు తగ్గిపోయింది.

అంతకంటే ముఖ్యమైనది 2013లో రోచెస్టర్ విశ్వవిద్యాలయం నుంచి సెలెస్ట్ కిడ్, ఆమె సహచరులు ప్రచురించినది. పిల్లలకు ముందు బొమ్మలు వేసుకోమని పాత రంగులు ఇచ్చారు. మంచి రంగులు తెస్తానని చెప్పి, కొందరికి తెచ్చారు. కొందరికి మాత్రం ‘‘లేవు, క్షమించు’’ అని వట్టి చేతులతో వచ్చారు. ఆ తర్వాత మిఠాయి పరీక్ష పెట్టారు. మాట నిలబెట్టుకున్న మనిషి ముందు పిల్లలు సగటున దాదాపు 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషి ముందు దాదాపు 3 నిమిషాలే. పిల్లల నిగ్రహం పిల్లల్లోనే పుట్టదు. ఎదురుగా ఉన్న పెద్దవాళ్ళ మాట మీద వాళ్ళకున్న నమ్మకంలో నుంచి కూడా పుడుతుంది.

మన ఇళ్ళల్లో ఎన్ని మాటలు ఇస్తుంటాం! ‘‘ఇక్కడ కనీసం మూడేళ్ళు ఉంటాం.’’ ‘‘సెలవుల్లో తప్పకుండా పాత ఊరికి తీసుకెళ్తా.’’ ‘‘కుక్కపిల్లను మామయ్య దగ్గర ఉంచుదాం, తర్వాత తెచ్చుకుందాం.’’ బదిలీ మన చేతిలో లేదు, అది నిజమే. చేతిలో లేనిదాన్ని మాటగా ఇవ్వకపోవడం మాత్రం మన చేతిలోనే ఉంది. ‘‘ఎన్నాళ్ళుంటామో నాకూ తెలియదురా. తెలిసిన రోజే నీకు చెబుతా’’ అంటే చాలు. ఆ మాట నిలబెట్టుకోవచ్చు. ఉత్తర్వు వచ్చాక ప్యాకింగ్ పెట్టెలు ఇంట్లోకి వచ్చినప్పుడు పిల్లలకు తెలియడం కంటే, మీ నోటి ద్వారా తెలియడం వేరు. పెట్టెల్లో ఒకటి వాళ్ళకే వదిలేయండి. ఏం పెట్టుకోవాలో వాళ్ళే నిర్ణయించుకోనివ్వండి. అన్నీ తమ ప్రమేయం లేకుండా జరిగిపోతున్నప్పుడు ఆ ఒక్క పెట్టె మీద అధికారం చాలా పెద్దది.

ఒక్కరే మోయకండి

విద్యార్థులారా, పేరు పెట్టినా, ఊపిరి నెమ్మదిగా వదిలినా తగ్గని దిగులు కూడా ఉంటుంది. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, అన్నం సహించకపోయినా, ఇష్టమైన ఆట మీద కూడా మనసు పోకపోయినా, బతకడమే భారంగా అనిపించినా అది సర్దుకోవాల్సిన విషయం కాదు, చెప్పుకోవాల్సిన విషయం. ఇంట్లో చెప్పండి. ఇంట్లో కష్టమైతే మీకు నచ్చిన ఉపాధ్యాయుల దగ్గరికి రండి, ఏ సబ్జెక్టు వారైనా సరే. తెలియని మనిషితో మాట్లాడటమే తేలిక అనిపిస్తే కేంద్ర విద్యాశాఖ 2020 జూలైలో ప్రారంభించిన మనోదర్పణ్ ఉంది, నంబరు 8448440632. కేంద్ర ఆరోగ్యశాఖ 2022 అక్టోబరు నుంచి నడుపుతున్న టెలి మానస్ నంబరు 14416, అక్కడ తెలుగులో కూడా మాట్లాడవచ్చు. ఈ రెండు నంబర్లను డైరీ మొదటి పేజీలో రాసి పెట్టుకోండి. మీకు అక్కర రాకపోవచ్చు, మీ పక్క బెంచీ స్నేహితుడికి రావచ్చు.

ఏప్రిల్‌లో కొత్త తరగతులు మొదలవుతాయి. మీలో కొందరు వెళ్ళిపోతారు, కొందరు కొత్తగా వస్తారు. వెళ్ళేవాళ్ళకు మేము చెప్పేది ఒకటే, చెప్పకుండా వెళ్ళకండి. స్నేహితులకే కాదు, గేటు దగ్గర వాచ్‌మన్ తాతకు, బస్సు డ్రైవర్ అన్నకు, రోజూ కూర్చున్న చెట్టుకు కూడా వెళ్ళొస్తానని చెప్పండి. మన తెలుగులో పోతున్నా అనరు, వెళ్ళొస్తా అంటారు. ఉండేవాళ్ళకు ఇంకో పని. మొదటి రోజు ఎవరితోనూ కలవకుండా చివరి బెంచీలో ఒక కొత్త పిల్లవాడు కూర్చుంటాడు. వాడు బాగా అడ్జస్ట్ అయ్యాడనుకుని వదిలేయకండి. పక్కన కూర్చుని, పాత ఊరి మీద మనసు లాగితే మేము తెలుగులో దాన్ని బెంగ అంటామని చెప్పండి. మీ తమిళ స్నేహితుడు ఏక్కం అంటాడు. ఆపైన కొత్తవాణ్ణి అడగండి, ‘‘మీ భాషలో దీన్ని ఏమంటారు?’’